మోటారు లేని సాంచ

ఆ శుక్రవారం ఇంట్లో ఉన్నది అయిదుగురు. పెద్దబాపు లక్ష్మీనర్సయ్య, పెద్దమ్మ ఎల్లమ్మ, వాళ్ళ కోడలు రూపాలి, బాపమ్మ చంద్రవ్వ, మాలతి. రూపాలి భర్త డ్యూటీకి పోయాడు. గోడమీద దండ వేసిన ఫొటోలో ఉన్న చిన్నబాపు కనుకయ్యను కూడా కలుపుకుని బాపమ్మ మాత్రం ఆరుగురని లెక్కపెట్టింది. మాలతి డైరీలో అయిదనే రాసుకుంది. రాసి, కాసేపు ఆలోచించి, ఆ అంకె పక్కన ఒక చుక్క పెట్టింది.

కనుకయ్య పోయి ఆ రోజుకు సరిగ్గా ఏడాది.

మాలతి ఊళ్ళో పదో తరగతి పూర్తి చేసి, పాలిటెక్నిక్‌లో సీటు ఖాయమయ్యేదాకా బాపమ్మకు తోడుగా ఉండమని తండ్రి పంపితే, మనవాళ్ళు మగ్గాల పనికి వలసపోయిన కామత్‌ఘర్ వచ్చింది. వచ్చి నెల దాటింది. ఈ నెలలో ఆమె గొంతు విన్నవాళ్ళు తక్కువ. ఎవరైనా ఏదైనా అడిగితే తల ఊపేది, లేదంటే పైట కొస వేలికి చుట్టుకుంటూ నవ్వేది. చెప్పాలనుకున్నవన్నీ డైరీలోకి పోయేవి.

ఇంటికి వెనక చిన్న వాకిలి, వాకిట్లో బోరు పైపు, దాని అవతల రేకుల కార్ఖానా. అందులో ఎనిమిది సాంచాలు. మరమగ్గాలను అక్కడ మనవాళ్ళు సాంచాలనే అంటారు. వారమంతా అవి దడదడలాడుతుంటే ఇంట్లో మాట్లాడుకోవాలన్నా అరవాల్సిందే. శుక్రవారం సెలవు. ఆ రోజు వీధి వీధంతా చప్పుడు ఆగిపోతే చెవుల్లో ఏదో ఊడి కింద పడినట్టుండేది.

ఆ నిశ్శబ్దంలోనే మాలతి మొదటిసారి ఆ సన్నని జుమ్మనే శబ్దం విన్నది. నాలుగో సాంచ వైపు నుంచి.

నాలుగోది చిన్నబాపుది. నిరుడు వానల్లో దాని ముందు నిలబడి, ముందు ఇనుప పట్టీ మీద చెయ్యి వేసి, అలాగే కొయ్యబారి, తర్వాత పడిపోయాడట. గుండె ఆగిందన్నాడు డాక్టరు. మూడో రోజున పెద్దబాపు స్వయంగా ఆ సాంచ మోటారు విప్పి, వైర్లు కోసేసి, పక్కన పెట్టాడు. ఇంక దాన్ని ఎవరూ నడపకూడదని. కాని పోగు తెంపలేదు. వాళ్ళింట్లో ఒక పద్ధతి ఉంది. నేస్తూ నేస్తూ పోయినవాడి సాంచ మీద గుడ్డను ఏడాదిపాటు కొయ్యరు. ఏడాది నిండిన రోజున తల్లి గాని పెళ్ళాం గాని తలమీద నీళ్ళు పోసుకుని, తుడుచుకోకుండా, తడిబట్టలతో, చెప్పులు లేకుండా పోయి, ఎడమచెయ్యి సాంచ మీద ఆనించి, కుడిచేత్తో కత్తెర పట్టి ఆ గుడ్డ కోసి తేవాలి. అప్పుడే పోయినవాడి పని పూర్తయినట్టు. కనుకయ్యకు పెళ్ళి కాలేదు. కొయ్యాల్సింది చంద్రవ్వే.

ఏడాదిగా ఆ సాంచ దగ్గరికి పోయేది ఆమె ఒక్కతే. ప్రతి శుక్రవారం పోయి, దుమ్ము దులిపి, కింద గోనెసంచి మీద నిలబడి పట్టీ మీద చెయ్యి వేసేది. కార్మికులు ఆ పక్కకు తొంగి చూసేవాళ్ళు కాదు. రూపాలి అయితే కార్ఖానాలోకి అడుగే పెట్టేది కాదు.

మాలతి వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం బాపమ్మ కార్ఖానాలోంచి వచ్చి మంచం మీద కూర్చుని, ఎడమ అరచేతిని చూసుకుంటూ, ఎవరికీ చెప్పొద్దని గుసగుసగా చెప్పింది. కనుకయ్య వస్తున్నాడట. చెయ్యి వేస్తే చీమలు పాకినట్టు పట్టుకుంటాడట. ఎండాకాలంలో రానేలేదట, వానలు పడ్డాకనే మళ్ళీ వస్తున్నాడట. వాడికి చిన్నప్పటి నుంచీ వానంటే ఇష్టమట.

మాలతి ఆ రాత్రి డైరీలో అదంతా రాసింది. చివర ‘వానలు పడ్డాకనే’ అన్న మాట కింద రెండు గీతలు గీసింది.

చిన్నబాపు సాంచాలు నడపడమే కాదు, చుట్టుపక్కల కార్ఖానాల్లో వైరింగు కూడా చేసేవాడు. ఆయన మీటరు, టెస్టింగ్ బల్బు, పక్కలు అరిగిన పట్టకారు ఒక రేకు డబ్బాలో అలాగే ఉన్నాయి. ఆ మీటరును మాలతి ఎరుగును. ఊరికి వచ్చినప్పుడు ఆయన దాన్ని ఆమె చేతికిచ్చి, బ్యాటరీ వోల్టేజి చూపించి, కరెంటు చూపించి, ఒకదాన్ని రెండోదానితో భాగించమనేవాడు. వచ్చేది నిరోధం. ఒకదానితో ఒకటి హెచ్చిస్తే వచ్చేది సామర్థ్యం. ‘ఈ రెండు లెక్కలు వస్తే ఏ మిషను కూడా నీకు అబద్ధం చెప్పదు’ అనేవాడు.

తర్వాతి శుక్రవారం బాపమ్మ నిద్రపోయాక మాలతి రబ్బరు చెప్పులు వేసుకుని, పొడి చెక్క మీద నిలబడి, బడిలో సారు చెప్పినట్టు ఒక చెయ్యి వెనక్కి పెట్టుకుని, మీటరు ఒక తీగ సాంచ పట్టీకి, ఇంకొకటి పొడుగు వైరుతో భూమిలోకి దిగిన బోరు పైపుకు తగిలించింది. ముప్పై ఎనిమిది వోల్టులు.

మోటారు లేదు. వైరు లేదు. అయినా ముప్పై ఎనిమిది.

ఆమెకు భయం వేసింది. ఒక్కోసారి మీటరు ఉత్తుత్తి వోల్టేజి చూపిస్తుందని, దాని వెనక సత్తా ఉందో లేదో తెలియాలంటే ఏదైనా భారం తగిలించి చూడాలని సారు చెప్పాడు. అంత ధైర్యం చాల్లేదు. రాసుకుని ఊరుకుంది.

ఆ పై వారం వాన ఎక్కువైంది. బాపమ్మ వచ్చి, ఈసారి కనుకయ్య మోచేతి దాకా గుంజాడని చెప్పింది. మీటరులో డెబ్బై ఒకటి. ఇంకో వారానికి కార్ఖానా నేల చెమ్మగిల్లింది. ఆ రోజు బాపమ్మ లోపలికి పోయి చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ముఖం తెల్లగా పాలిపోయి ఉంది, కళ్ళు మాత్రం పెళ్ళికూతురి కళ్ళలా వెలుగుతున్నాయి.

“ఇడువలే బిడ్డా,” అన్నది. “నేనే గుంజుకోబోయిన. ఇడువలే. చానసేపు వట్టుకున్నడు.”

మీటరులో నూట నాలుగు.

ఆ రాత్రి మాలతి డైరీలో పాత పేజీలు తిప్పింది. సారు చెప్పింది అక్షరం పొల్లుపోకుండా రాసుకుని ఉంది. ఒక మిల్లీ ఆంపియర్ ఒంట్లోంచి పోతే చీమ పాకినట్టుంటుంది. పది పోతే కండరాలు బిగుసుకుని చెయ్యి విడవదు. యాభై దాటితే గుండె లయ తప్పుతుంది. పొడి చేతికి, పొడి గోనెసంచి మీద నిలబడితే, ఒంటి నిరోధం నలభై వేల ఓమ్‌ల దాకా ఉంటుంది. ముప్పై ఎనిమిదిని నలభై వేలతో భాగిస్తే దాదాపు ఒక మిల్లీ ఆంపియర్. చీమ. చెమ్మ నేల మీద నిరోధం పదివేలకు దిగిందనుకుంటే, నూట నాలుగుకు పది మిల్లీ ఆంపియర్లు. విడవని చెయ్యి.

బాపమ్మకు లెక్కలు రావు. అయినా ఆమె చెప్పిన ప్రతి మాటా లెక్కకు సరిపోయింది.

ఇక మిగిలింది తడిబట్టలు. ఆ లెక్క మాలతి మనసులోనే చేసి, డైరీ మూసేసింది.

ఆ శుక్రవారం పొద్దున మూడు రోజుల వాన తెరిపిచ్చింది. మాలతి తెగించి పెద్దబాపు దగ్గరికి పోయింది. ఆయన గడ్డం గీసుకుంటున్నాడు. నాలుగో సాంచకు కరెంటు వస్తోందని ఆమె చెప్పిన మాట ఆయనకు రెండోసారికి గాని వినబడలేదు.

“మోటరే లేదు, యాడికెల్లి వస్తది కరెంటు?” అన్నాడు అద్దంలోంచి చూస్తూ. “నా చేతులతోని కోసిన వైర్లు. గట్ల అనుమానముంటె మెయిన్ బందు వెట్టుకో పో.”

రూపాలి వంటింట్లోంచి, మన సైంటిస్ట్ మేడం కరెంటును మంత్రం వేసి పిలుస్తుందేమో, ఫ్యాను బందైతే మాత్రం నేను ఊరుకోనని నవ్వింది. మాలతి నిజంగానే మెయిన్ బందు చేసింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. కార్ఖానాలోకి పోయి మీటరు పెట్టింది.

నూట ముప్పై రెండు.

ఆమె అలాగే నిలబడి చూసింది. ఇంట్లో కరెంటే లేదు. సాంచాల మీద దుమ్ములాగా పేరుకున్న దూది కదలడం లేదు. ఏడు సాంచాలు చచ్చినట్టు పడి ఉన్నాయి. నాలుగో సాంచ వెనక గోడలోంచి మాత్రం, రేకులను మోసే ఇనుప గర్డరు లోపలికి దూరినచోట, తడి మచ్చ పడినచోట, ఆ సన్నని జుమ్మనే శబ్దం. గోడ అవతల వేరేవాళ్ళ కార్ఖానా. అదే గర్డరు అటు కూడా పోతుంది. వాళ్ళు తాళం వేసి ఊరికి పోయి వారమైంది. అక్కడ ఏ వైరు తోలు ఊడి ఆ గర్డరుకు ఆనుకుందో. వాన పడినకొద్దీ అది గోడ దాటి, సాంచ వెనక కాళ్ళ దాకా వస్తోంది. ఇటు మెయిన్ ఆపితే ఆగేది కాదు.

ఆమె వచ్చి చెప్పేసరికి పెద్దబాపు వీధిలో ఉన్నాడు. కార్యం జరిపించే సిద్ధిరాములును తీసుకుని, అరటిపండ్లు, పూలు కొనుక్కుని నిజాంపురా నుంచి రావాలి. ఆటో ఎక్కుతూ, రేపు వైర్‌మన్‌ను పిలుస్తానన్నాడు. రేపు. ఫోన్ మంచం మీదే మరిచిపోయి పోయాడు.

బాపమ్మ స్నానానికి లేచింది.

ఇక మాలతికి ఒక్కటే తోచింది. మాట వినకపోతే కళ్ళకు చూపించాలి. చిన్నబాపు డబ్బాలోంచి టెస్టింగ్ బల్బు తీసింది. పదిహేను వాట్ల పాత గుండు బల్బు, దాని హోల్డరుకు రెండు వైర్లు, ఒక్కోదానికి రెండు కొసల్లోనూ ప్లాస్టిక్ తొడుగుల పళ్ళ క్లిప్పులు. ఒక వైరు సాంచ కాలికి పెట్టి, తెరిచిన తలుపులోంచి గడప మీదుగా బయటికి లాగింది. గడప బయట బల్బును పెట్టి, రెండో వైరును బోరు పైపుకు కరిపించింది. మధ్యలో మీటరు పెట్టింది.

బల్బు వెలిగింది. అగరొత్తి నిప్పంత ఎరుపు.

వోల్టేజి నూట ముప్పై ఒకటి. కరెంటు సున్నా పాయింట్ సున్నా అయిదు ఆంపియర్లు. ఆమె పెన్సిలు తీసి లెక్క వేసింది. భాగిస్తే బల్బు నిరోధం రెండు వేల ఆరువందల ఇరవై. హెచ్చిస్తే సామర్థ్యం ఆరున్నర వాట్లు. ఉత్తుత్తి వోల్టేజి అయితే బల్బు తగిలించగానే కుప్పకూలాలి. ఇది కూలలేదు. నూట ముప్పై రెండు నుంచి ఒక్క వోల్టు తగ్గింది, అంతే. ఒకటిని సున్నా పాయింట్ సున్నా అయిదుతో భాగిస్తే ఇరవై. అంటే గోడ అవతలి నుంచి సాంచ దాకా ఆ కరెంటుకు ఉన్న అడ్డు మొత్తం ఇరవై ఓమ్‌లు. దారి దాదాపు తెరిచే ఉంది.

తడి ఒళ్ళు వెయ్యి ఓమ్‌లు. నూట ముప్పై మిల్లీ ఆంపియర్లు.

నిరుడు కూడా ఇదే నెల, ఇవే వానలు. మాలతికి ఒక్కసారిగా చిన్నబాపు పట్టీ మీద చెయ్యి వేసి కొయ్యబారి నిలబడడం కళ్ళముందు కనబడింది. గుండె ఆగిందన్నారు. ఆగిందే. దాన్ని ఆపింది ఏమిటో ఎవరూ కొలవలేదు.

“పెద్దమ్మా,” అని పిలిచింది. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. “జర చూడు. మెయిన్ బందే ఉన్నది. సాంచకు మోటరు లేదు. అయినా బల్బు వెలుగుతున్నది.”

ఎల్లమ్మ చేతి పిండి తుడుచుకుంటూ వచ్చింది. వెనకే రూపాలి. ఇద్దరూ ఆగిపోయిన ఫ్యాను వైపు చూశారు, తెరిచిన తలుపులోంచి మోటారు లేని సాంచ వైపు చూశారు, గడప బయట నేలమీద ఎర్రగా వెలుగుతున్న బల్బు వైపు చూశారు. రూపాలి నోట్లో నవ్వు ఆరిపోయింది. కొంగు తలమీదికి లాక్కుంది.

ఎల్లమ్మ మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులూ జోడించింది. “వచ్చినవా మరిదీ,” అన్నది బల్బుతో. “ఏడాది నిండినంక దీపం వెట్టుకోని వచ్చినవా.”

మాలతి కాదు కాదంటూనే ఉంది. ఎవరూ వినలేదు. ఎల్లమ్మ ఇంట్లోకి పరుగెత్తి కుంకుమ తెచ్చి హోల్డరుకు దూరంగా నేలమీద బొట్టు పెట్టింది. కరెంటు వైర్లలో తప్ప ఎక్కడా ఉండదని వాళ్ళ నమ్మకం. వైరు కోసిన చేతులు ఇంటి పెద్దాయనవే. వైరు లేనిచోట వెలుగు వచ్చిందంటే అది మనిషే. మాలతి తెచ్చిన సాక్ష్యం ఆమె కళ్ళముందే అటువైపు పోయి నిలబడింది.

అప్పుడే చంద్రవ్వ వచ్చింది. తెల్లని జుట్టులోంచి నీళ్ళు కారుతున్నాయి. చీర ఒంటికి అంటుకుని ఉంది. చేతిలో కత్తెర. నడిచినచోటల్లా నేల తడుస్తోంది. బల్బును చూసి ఆగింది, ముసలి ముఖం విచ్చుకుంది.

మాలతి తలుపుకు అడ్డంగా నిలబడింది. తన బతుకులో అంత పొడుగు మాట అంతకు ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. చీమ గురించి, గుంజడం గురించి, విడవని చెయ్యి గురించి, నలభై వేల గురించి, పదివేల గురించి, తడి ఒంటి వెయ్యి గురించి, గోడ అవతలి గర్డరు గురించి అంతా చెప్పింది. చంద్రవ్వ తొందరపెట్టకుండా చివరిదాకా విన్నది. ఆ ఇంట్లో ఆ రోజు మాలతి మాట పూర్తిగా విన్నది ఆమె ఒక్కతే.

“అంటే నా కొడుకు గుండె ఆగి సావలే.”

“కాదు బాపమ్మా. కరెంటు వట్టుకున్నది. గిదే.”

“గిదే వాని చెయ్యి ఆఖరికి వట్టుకున్నది.”

“ఆ.”

“ఇంక గప్పటి సంది ఈడనే ఉన్నది.”

మాలతి తల ఊపింది. చంద్రవ్వ తడి చేత్తో మనవరాలి బుగ్గ తాకింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

“వాడు సచ్చేటప్పుడు నేను ఊళ్ళె ఉన్న బిడ్డా. నన్ను తోలుకచ్చేసరికి వాని చెయ్యి కట్టెలెక్కయింది. వాన్ని ఆఖరికి వట్టుకున్నదేదో గది నన్ను గూడ వట్టుకుంటె, నాకేం తక్కువైతది?”

మాలతిని మెల్లగా పక్కకు జరిపింది. వెనక నుంచి ఎల్లమ్మ వచ్చి, కార్యానికి అడ్డం పడకూడదని చెప్పి మాలతి భుజాలు పట్టుకుంది. చంద్రవ్వ గడప దాటి, తలుపు దగ్గరికి లాగింది. కింద వైరు ఉండడంతో తలుపు పూర్తిగా పడలేదు, ఓరగా నిలిచింది. లోపల తడి అడుగుల చప్పుడు. మొదటి సాంచ దాటింది. అక్కడ ఆగి ఏదో గొణిగింది. ప్రతి సాంచ దగ్గరా ఆగి దండం పెట్టుకుంటూ పోవాలి. రెండోది.

మాలతి చూపు బల్బు మీద పడింది. ఇంతసేపూ చూపించడం గురించే ఆలోచించింది. ఇంత లెక్క వేసింది. ఆ లెక్కలోనే ఉన్నది కళ్ళకు ఆనలేదు. కరెంటుకు వెయ్యి ఓమ్‌ల దారి ఒకటి, ఏ అడ్డూ లేని దారి ఒకటి పక్కపక్కన పెడితే, అది దేనిలోంచి పోతుంది?

మూడో సాంచ.

మాలతి ఎల్లమ్మ చేతులు విదిలించుకుంది. సాంచ నుంచి వచ్చే వైరు క్లిప్పును ప్లాస్టిక్ తొడుగు దగ్గర పట్టుకుని హోల్డరు నుంచి ఊడదీసి, వంగి, నేరుగా బోరు పైపుకు కరిపించింది. నీలంగా ఒక నిప్పురవ్వ చిట్లింది. బల్బు ఆరిపోయింది. గోడలో జుమ్మనే శబ్దం గట్టిగా లేచి, బుసకొట్టి, తర్వాత నిలకడగా సాగింది.

“దీపం ఆరింది,” అన్నది ఎల్లమ్మ ఏడుపు గొంతుతో.

నూట ముప్పై రెండును ఇరవైతో భాగిస్తే ఆరు పాయింట్ ఆరు ఆంపియర్లు. మాలతి పెదవులు వాటంతట అవే కదులుతున్నాయి. నూట ముప్పై రెండును ఆరు పాయింట్ ఆరుతో హెచ్చిస్తే ఎనిమిది వందల డెబ్బై ఒక్క వాట్లు. ఒక హార్స్‌పవర్ ఏడువందల నలభై ఆరు. సాంచకు పెట్టే మోటారు ఒక హార్స్‌పవర్. విప్పి పక్కన పెట్టిన ఆ మోటారు తిరగడానికి కావలసినంతా, ఇంకాస్త ఎక్కువే, ఆ గోడలోంచి, ఆ సన్నని వైరులోంచి నేలలోకి పోతోంది. వైరును పట్టుకున్న ఆమె గుప్పిట్లో వెచ్చదనం తెలిసింది. మొదట కొంచెం, తర్వాత బాగా. బతికున్న మనిషి చేతి వెచ్చదనమంత. ఆమె వదిలిపెట్టలేదు.

లోపల ఏ చప్పుడూ లేదు. చాలాసేపు లేదు. రూపాలి గోడకు ఆనుకుని కళ్ళు మూసుకుంది.

తర్వాత కత్తెర చప్పుడు వినబడింది. ఒక్కో పోగూ తెగుతున్నంత నెమ్మదిగా. అది ఆగింది. తడి అడుగులు వెనక్కి వచ్చాయి. మూడో సాంచ దగ్గర గాని, రెండోదాని దగ్గర గాని ఆగలేదు.

ఓరగా ఉన్న తలుపు తెరుచుకుంది. చంద్రవ్వ చంకలో మడిచిన తెల్లగుడ్డ. ఎడమ అరచెయ్యి ముందుకు చాచి ఉంది, అందులో ఏదో వెతుక్కుంటున్నట్టు.

“ఉత్త ఇనుము,” అన్నది. “రెండు చేతులు వెట్టిన. ఉత్త ఇనుము.”

ఆమె చూపు ఆరిన బల్బు మీదికి, నేలమీది వైరు మీదికి, వైరు వెంబడే మాలతి గుప్పిట దాకా వచ్చింది.

“ఏం జేసినవే?”

మాలతి వేడెక్కిన వైరును ఇంకా గట్టిగా పట్టుకుంది. చంద్రవ్వ ఆ గుప్పిటవైపు ఆశగా, దిగులుగా, ఈర్ష్యగా చూసింది. చూసి, గుడ్డను గుండెకు హత్తుకుని, వెనక్కి రెండడుగులు వేసి, వైరు మీదుగానే తలుపును బలంగా నెట్టి, మాలతి ముఖం మీద మూసింది.

లోపల గడియ పడింది. తడి అడుగులు మళ్ళీ నాలుగో సాంచ వైపు పోయాయి.